బొంత పొరలలో మన యిండ్ల చరిత్ర

ఉగాది పది దినములున్నదనగా మన యిండ్లలో దులుపుడు మొదలవుతుంది. మగవారికి బూజుకర్ర, ఆడవారికి తక్కిన పని అంతా. ఇంటిలో గుడ్డ అన్నది ఏదీ మిగలకుండా ఎండకు ఎక్కుతుంది. ఈ ఏడు మా క్వార్టరు గోడ మీదను, దండెము మీదను ఆరవేసిన వాటిని, సెలవు దినము గనుక, మేము తీరికగా కూర్చుండి లెక్కపెట్టినాము. వాకిలి పర్దాలు రెండు జతలు, కిటికీలవి నాలుగు, సోఫా ముసుగులు, షోలాపూరు చద్దర్లు అయిదు, లెక్కకు అందని దిండు గలీబులు, టీవీ మీద కప్పే క్రోషా అల్లిక, వరంగల్లు జంపఖానా ఒకటి, గొంగడి ఒకటి. అన్నిటికి అడుగున, ఇనుప మంచము మీద పరుపు క్రింద పడి ఉండే బొంత. రెండు గదుల యిల్లు ఇంత గుడ్డ కట్టుకొని కూర్చున్నదని మాకు అంతవరకు తోచలేదు.

బల్లార్‌పూరులో ఉండేవారికి దీని కారణము వేరే చెప్పనక్కరలేదు. మన ఊరి గాలిలో బొగ్గు ఉన్నది. ఉదయము పరచిన తెల్ల దుప్పటి సాయంత్రానికి తెల్లగా ఉండదు. అందుచేత సోఫా మీద ముసుగు, ముసుగు మీద తువ్వాలు. పైపొర దుమ్ము తింటుంది, లోపొర బ్రతుకుతుంది. అతిథి గుమ్మములో కనబడగానే పిల్లలు పరుగెత్తి తువ్వాలు లాగివేస్తారు. హైదరాబాదు బంధువులు ‘ఇన్ని పొరలెందుకయ్యా’ అని నవ్వితే, వేసవిలో వచ్చి వారము దినములు ఉండి చూడుమంటాము.

సంగతి ఇంతటితో ఆగితే ఈ వ్యాసము వ్రాసే అవసరము ఉండేది కాదు. ఆ దినము మా యింటావిడ ఫోనులో ఏదో చదివి మాకు చూపినది. ఈ కాలపు గృహాలంకరణ నిపుణులు గదిలో గుడ్డలను పొరలు పొరలుగా వేయుమని చెప్పుచున్నారట. నున్నని దానిపైన గరుకైనది, పలుచని పర్దా వెనుక మందపు పర్దా, పెద్ద తివాసీ మీద చిన్న తివాసీ, సోఫా చేతి మీద నిర్లక్ష్యముగా వేసినట్లు కనబడే దుప్పటి ఒకటి. ఆ నిర్లక్ష్యపు దుప్పటి ధర చూచి మేము ఫోను తిరిగి ఇచ్చివేసినాము. ఆమె మాత్రము గోడ మీది గుడ్డలను చూచి, ‘మనకు అన్నీ ఉన్నాయి, ఈ బొంత ఒక్కటే మురికి ముద్ద. అత్తమ్మా, స్టీలు సామాన్ల ఆయన వీధి చివర ఉన్నాడు, ఇచ్చేద్దామా?’ అని అడిగినది. మా అమ్మ బొంత దగ్గరకు పోయి దాని మూల పట్టుకొని నిలబడినది గాని జవాబు చెప్పలేదు. మూల చినిగి ఉన్నది. చినిగిన చోట పొరలు కనబడుచున్నవి.

చరిత్ర అనగానే మనకు కోటలు, రాజులు తోస్తారు. వార్ధా ఒడ్డున గోండు రాజుల కోటను చూడని బల్లార్‌పూరు పిల్లవాడు ఉండడు. ఆ కోటను కట్టించినవాడని చెప్పే ఖాండక్యా బల్లాళ షా పేరే ఊరికి వచ్చినది. కాని ఆ కోట గదుల్లో నేల మీద ఏమి పరచినారు, గుమ్మాలకు ఏమి కట్టినారు అన్నది చెప్పే గోడ ఒక్కటీ లేదు. రాయి నిలుస్తుంది, గుడ్డ నిలువదు. అయినా మన తెలుగువారి గుడ్డ కథ కొంత దూరము వెనుకకు పోయి తెలుసుకొనవచ్చును, దానికి దారి ఈ నేల నుండే మొదలవుతుంది.

ఈ విదర్భ నల్లరేగడి ప్రత్తికి పెట్టినది పేరు. రైలు రాక మునుపు బీరారు ప్రత్తిని, నాగపూరు ప్రత్తిని లంబాడీలు ఎడ్ల మీద వేసుకొని వందల మైళ్ళు నడిచి తూర్పు కోస్తా జిల్లాలకు చేర్చేవారు. అక్కడి సాలెవారు దానిని వడికించి నేసేవారు. తిరుగు ప్రయాణములో ఎడ్ల మీద సముద్రపు ఉప్పు వచ్చేది. ఇక్కడి ప్రత్తి అక్కడ గుడ్డ, అక్కడి ఉప్పు ఇక్కడి కూడు. పార్సిలు ఆఫీసులో కూర్చునే మాకు ఈ ఏర్పాటు ఎంతో నచ్చినది. పోయే వండి, వచ్చే వండి, ఏదీ ఖాళీ లేదు.

ఆ కోస్తాలో గుడ్డకు కీర్తి అప్పటికే పాతది. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో అభయ శాసనము వేయించి, సముద్రముపై వచ్చే వర్తకుల సరకుకు రక్షణ ఇచ్చినాడు. ఆ శతాబ్దము చివర ఆ తీరమును గూర్చి వ్రాసిన మార్కోపోలో అక్కడి సన్నని వస్త్రమును సాలెగూటితో పోల్చినాడు. తరువాతి కాలములో మచిలీపట్నము పెద్ద రేవైనది. డచ్చివారు 1600ల మొదటి సంవత్సరాలలో, ఇంగ్లీషువారు 1611లో అక్కడ దిగినారు. వారు వచ్చినది గుడ్డ కొరకే.

మచిలీపట్నపు గుడ్డలో మన విషయమునకు సంబంధించినది ‘పలంగ్‌పోష్’. పలంగ్ అనగా మంచము, పోష్ అనగా కప్పు. తెల్లవారు దానిని పలంపోర్ అన్నారు. దుప్పటి అంత గుడ్డ మీద నడుమ ఒక పెద్ద చెట్టు, కొమ్మకొమ్మకు వేరువేరు పూలు, క్రింద చిన్న గుట్ట, చుట్టూ అంచు. ఆ పనితనము చూడవలెనంటే ముందు దాని ఓపిక తెలియవలెను. నేసిన గుడ్డను కరక్కాయ కషాయములో, పాలలో తడిపి ఆరవేస్తారు. పాలలోని కొవ్వు రంగు ప్రాకకుండ ఆపుతుంది. తుప్పు ఇనుము, బెల్లము కలిపి పులియబెట్టిన కసిమితో నల్లగీతలు. ఎరుపు రావలసిన చోట పటిక. ఆ పటిక పూసిన చోటనే చిరువేరు రంగు పట్టుతుంది, తక్కినది ఉతుకుతో పోతుంది. కృష్ణ దిగువ నేలలలో త్రవ్విన చిరువేరు ఇచ్చే ఎరుపుకు సాటి లేదని పేరు. నీలిమందుకు వేరే పని, పసుపుకు వేరే పని, నడుమ ఎన్నోసార్లు పారే నీటిలో ఉతుకు, ఎండ. ఒక్క గుడ్డలోనే రంగు పొరలు ఇన్ని.

ఆ గుడ్డ ఐరోపా యిండ్లలోకి ఎక్కిన తీరు వింతగా ఉంటుంది. మంచానికి పైకప్పు, నాలుగు ప్రక్కల తెరలు, పైన పరచే కప్పు, గోడలకు వ్రేలాడే గుడ్డ, కుర్చీల ముసుగు, అన్నీ మన కోరమండల్ తీరపు అద్దకమే. అక్కడి నేతగాళ్ళు గగ్గోలు పెట్టినారు. ఫ్రాన్సులో 1686లో ఈ గుడ్డను నిషేధించినారు. 1759 వరకు ఆ నిషేధము నడిచినది. ఇంగ్లండులో 1700లో ఒక చట్టము, 1721లో ఇంకా గట్టిది మరొకటి. అయినా మోజు తగ్గలేదు. లండనులో డేవిడ్ గారిక్ అని గొప్ప నటుడుండేవాడు. ఆయన భార్యకు కలకత్తా స్నేహితులు మంచము తెరలకు మన తీరపు అద్దకము కానుకగా పంపినారు. 1775లో సుంకపు అధికారులు దానిని పట్టుకొనిపోయినారు. అంత పేరున్న నటుడు, తన భార్య గుడ్డలు తనకు ఇప్పించుమని ప్రాధేయపడుతూ ఉత్తరము వ్రాసుకొన్నాడు. మా కౌంటరు ముందర బుక్ చేయని సరకు పట్టుబడిన ప్రయాణీకుల ముఖము మేము ఎన్నోసార్లు చూచినాము. గారిక్ ముఖము కూడ అట్లే ఉండి ఉంటుంది. ఆ మంచము ఇప్పుడు లండనులోని విక్టోరియా ఆల్బర్ట్ మ్యూజియములో ఉన్నది.

మన వైపు దొరలకు కూడ ఇటువంటి ముచ్చట లేకపోలేదు. దక్కను మహళ్ళలో చలికాలపు ఉన్ని తివాసీలు ఎండలు రాగానే చుట్టిపెట్టి, వాటి చోట చల్లని నూలు కలంకారీ పరపులు వేసేవారు. ఇది చదివినప్పుడు మాకు మా నాయనమ్మ జ్ఞాపకము వచ్చినది. హోళీ మంట చల్లారిన మరునాడు ఆమె గొంగడి మడిచి వేపాకు వేసి సందుగలో పెట్టేది. జంపఖానా చుట్టి మంచము క్రిందికి త్రోసేది. చాప మాత్రము పరచి, కిటికీకి తడిపిన పాత చీర కట్టేది. ఆమెకు గోల్కొండ సంగతి తెలియదు. మన ఊరి ఎండ సంగతి తెలుసు.

జంపఖానాను గూర్చి కొంత చెప్పవలెను, ఎందుకంటే మన సంఘపు యిండ్లలో అది లేని యిల్లు తక్కువ. కొందరు షత్రంజి అంటారు. తివాసీ వేరు, ఇది వేరు. తివాసీకి పోగుపోగుకు ముడి వేసి పైన బొచ్చు నిలుపుతారు. జంపఖానాలో ముడి లేదు, అడ్డపోగును దగ్గరగా కొట్టి నిలువుపోగు కనబడకుండా కప్పివేస్తారు. అందుచేత రెండు వైపులా ఒకటే, ఒకవైపు మాసితే త్రిప్పి వేసుకొనవచ్చును. వరంగల్లుకు రెండింటిలోను పేరున్నది. 1851లో లండనులో జరిగిన మహా ప్రదర్శనములో వరంగల్లు తివాసీలు ఉంచబడినవి. జంపఖానాకు కొత్తవాడ వీధులు ఆటపట్టు. 2018లో వరంగల్లు జంపఖానాకు భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. మా దానికి ఎరుపు, నీలము, తెలుపు పట్టెలు. భజన, పెండ్లిచూపులు, సంఘము సమావేశము, ఏది జరిగినా మొదట పరచేది అదే. దాని మీద అతిథికి మరొక దుప్పటి, దుప్పటి మీద పీట. ఎవరు ఎంతటివారో వారి క్రింద ఎన్ని పొరలున్నవో చూచి చెప్పవచ్చును.

ఇక మనవారు ఈ ఊరికి వచ్చిన సంగతి. ఇరవయ్యవ శతాబ్దము ఆరంభములోనే ఇక్కడ బొగ్గు గని లేచినది. కాజీపేట – బల్లార్‌షా లైను పూర్తియైన తరువాత, 1929లో గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ పెషావరు నుండి మంగళూరు దాకా నడువసాగినది. కాగితపు మిల్లు 1945లో స్థాపించబడినది. కరీంనగరు, ఆదిలాబాదు, వరంగల్లు పల్లెల నుండి మనవారు గనికి, మిల్లుకు, రైలుకు వచ్చినారు. మా తాత 1950ల చివర వచ్చినాడు. ఆయన సామాను అంతా ఒక పడక చుట్ట. బయట జంపఖానా, లోపల బొంత, బొంత నడుమ రెండు పంచెలు, ఒక చెంబు. చుట్ట విప్పి పరచిన చోటే ఆయన యిల్లు. తరువాత నాయనమ్మ వచ్చినది. ఒక్క గదికి అడ్డముగా దండెము కట్టి చీర వేసి, ఇటు వంట, అటు పడక అన్నారు. మన యిండ్లలో మొదటి పర్దా అదే.

ఆ తరువాతి పొరలు జీతము పెరిగిన కొద్ది వచ్చినవి. నవారు మంచము వచ్చినప్పుడు దూదేకుల ఆయన చేత పరుపు, ట్రంకు పెట్టె వచ్చినప్పుడు దాని మీద పూల గుడ్డ, రేడియో వచ్చినప్పుడు దానికి ముసుగు. వస్తువు కంటె ముందు ముసుగు కుట్టించిన యిండ్లు కూడ మాకు తెలుసు.

షోలాపూరు చద్దరు కథ ఇక్కడ విడిచిపెట్టరాదు. దానిని మనము మరాఠీ సరకు అనుకొంటాము. షోలాపూరులో మొదటి నూలు మిల్లు 1877లో వచ్చినది. అటు తెలంగాణ నుండి పోయిన పద్మశాలీలు చేతిమగ్గము మీద, మిల్లులో, పిమ్మట మరమగ్గాల మీద పని చేసి అక్కడ ఒక తెలుగు ఊరే కట్టుకొన్నారు. జకార్డు పూలు తేలిన ఆ బరువైన చద్దరు మహారాష్ట్రమంతటా మంచముల మీద ఉన్నది. దానిని నేసిన చేతులలో ఎన్నో మనవి. మచిలీపట్నములో ఊరుకాని ఊరి మంచాలకు చెట్టు, పూలు అద్దిన చేతులు ఎవరివో, ఇక్కడ చద్దరులో పూలు తేల్చిన చేతులు ఎవరివో చూస్తే, పరుల పడక గదిని మనవారు చాలా కాలముగా అలంకరిస్తూనే ఉన్నారని తెలుస్తుంది. తమ పడక మీద మాత్రము వారు వేసుకొన్నది బొంత.

బొంతకు రాజాశ్రయము లేదు, రేవు లేదు, గుర్తింపు లేదు. అయినా పేదవారి యింట అది దేశమంతటా ఉన్నది. మరాఠీలో గోధడి, కన్నడములో కౌది, బెంగాలులో కాంథా. అన్నిటిలోను ధర్మము ఒకటే, కట్టి విడిచినది పారవేయరాదు. మా నాయనమ్మ కుట్టినప్పుడు మేము చిన్నవారము, ప్రక్కన కూర్చుండి చూచినాము. ముందు గట్టి చీర ఒకటి నేల మీద పరచి నాలుగు మూలల రాళ్ళు పెట్టేది. దాని మీద మెత్తబడిన గుడ్డలు, చిన్నవి, చింకివి, ఎత్తుపల్లములు లేకుండా పేర్చేది. పైన మళ్ళీ గట్టి చీర. పాత చీర అంచు పోగులు లాగి పేని దారము చేసి, దబ్బనముతో బయటి అంచు నుండి లోపలికి, చదరము లోపల చదరముగా టాకాలు వేస్తూ పోయేది. నడిమికి చేరేసరికి నెల దినములు. కొన్నేండ్లకు పైపొర చినిగితే విప్పదు, దాని మీదనే క్రొత్త పొర వేసి కుట్టుతుంది. కాబట్టి బొంతలో ఎంత లోపలికి పోతే అంత పాత కాలము.

ఇది ఎందుకు పోయినదో మా ఊహ చెప్పుతాము. పడుచువారి సోమరితనము అని పెద్దలు అంటారు, అది సరికాదు. 1970ల నుండి నైలాను, పాలియెస్టరు చీరలు మన యిండ్లలోకి వచ్చినవి. సిరిసిల్ల మగ్గాలు కూడ పాలియెస్టరుకు తిరిగినవి. ఆ చీర చినుగదు, మెత్తబడదు, చెమట పీల్చదు, దబ్బనము క్రింద జారుతుంది. బొంతకు కావలసిన నూలు చీర యింట్లో పుట్టడమే తగ్గినది. పుట్టిన నాలుగు కూడ స్టీలు సామాన్లవారి మూటలోకి పోయినవి. పది చీరలకు ఒక బిందె. బిందె మెరుస్తుంది, చీర మెరువదు. మా అమ్మ కూడ అట్లు ఇచ్చినదే, మా యింట ఆ బిందెలు ఇంకా ఉన్నవి. ఆ సంగతి ఆమెకు గుర్తు చేయలేదు.

ఆ మధ్యాహ్నము బొంతను అరుగు మీద వేసి, చినిగిన మూలను మా అమ్మ వ్రేళ్ళతో విడదీసినది. మా యింటావిడ కూడ దగ్గరకు వచ్చి కూర్చున్నది. మొదటి పొర మా అమ్మదే, పూల వాయిలు. దాని క్రింద నాయనమ్మ సిరిసిల్ల నేత చీర, మేము బడికి పోయే దినములలో కట్టినది. దాని క్రింద తాత పంచె. ఎన్ని ఉతుకులైనా వదలని బొగ్గు మచ్చలు అంచు పొడుగున ఉన్నవి. ఆ తరువాత నాయన ఖాకీ నిక్కరు ముక్క, గుండీ కన్నము కూడ ఉన్నది. దాని ప్రక్కన అరచేయి వెడల్పు ఎర్ర చుక్కల గుడ్డ. ‘ఇది మీ మేనత్తది’ అన్నది అమ్మ. మాకు మేనత్త ఉన్నదని మేము అప్పుడే విన్నాము. ఈ ఊరికి వచ్చిన మొదటి ఏడే పుట్టి, ఏడాది నిండకుండా పోయినదట. నాయనమ్మ ఆ మాట అమ్మకు ఒక్కసారి చెప్పినది, అదీ ఈ బొంత కుట్టేటప్పుడే.

అన్నిటికంటె లోపల నీలపు గుడ్డ ఒకటి ఉన్నది. చేతి వడుకు నూలు, మందముగా ఉన్నది. తాత తెచ్చిన పడక చుట్టలోని పాత బొంత అదే అయి ఉండవలెను. అది ఎవరి చీర, తాత తల్లిదా, ఇంకెవరిదా అని అడిగితే అమ్మ తల అడ్డముగా ఆడించినది. తెలిసినవారు లేరు. మా నాయన ఉండగా అడిగినా చెప్పేవాడేమో, మేము అడుగలేదు. పదేండ్లు ఆ బొంత మీద పడుకొన్నాము గాని అడుగలేదు.

స్టీలు సామాన్ల ఆయన కేక రెండుసార్లు వినబడినది. మా యింటావిడ లేవలేదు. కొంతసేపటికి, ‘అత్తమ్మా, దీనికి పైపొర వేయవలెనంటే ఏమి కావాలి?’ అని అడిగినది.

నూలు చీర కావలెను. సందుగలు, బీరువా వెదకితే పైపొరకు సరిపోయే నూలు చీర మా యింట ఒక్కటి దొరికినది, అది క్రొత్తది. క్రొత్త చీర బొంతకు పనికిరాదట, మెత్తబడి ఉండవలెనట. అమ్మ ప్రక్క క్వార్టరు మరాఠీ ఆజీని అడిగినది. ఆమె లోపలికి పోయి, తన అత్త కట్టిన తొమ్మిది గజాల ఆకుపచ్చ లుగడె తెచ్చి చేతిలో పెట్టినది. దానితో తాను గోధడి కుట్టుదామనుకొని పదునైదేండ్లుగా దాచినదట, ఇప్పుడు కండ్లు కనబడవు. బదులుగా ఏమి ఇవ్వవలెనని అడిగితే, కుట్టేటప్పుడు తనను కూడ పిలువుమన్నది.

ఈ వ్యాసము సంచికకు ఇచ్చేనాటికి బొంత సగము అయినది. మధ్యాహ్నములు ఆజీ, అమ్మ ఎదురెదురుగా కూర్చుంటున్నారు. దారము ఎక్కించే పని మా కూతురుది. నీలపు గుడ్డ లోపలనే ఉన్నది, దానిని కదల్చలేదు.